ఒకే ట్యాంకులో రెండు నీళ్లు



ఈ మాటలు వింటున్నవాళ్లు వంటింట్లో ఉంటే ఒక చిన్న పని చేయండి. రాత్రి తోమి బోర్లించిన స్టీలు గ్లాసు తీసి కిటికీ వెలుగుకు పట్టి చూడండి. తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయా? నీటిబొట్టు ఆరిన చోటల్లా ఒక గుండ్రటి మచ్చ మిగిలిందా? గోరుతో గీకితే పొడిలా రాలుతోందా? అయితే గ్లాసు తోమినవాళ్లను ఏమీ అనకండి. ఆ మచ్చ నీళ్లు తమతో తెచ్చి, ఆవిరైపోతూ వదిలి వెళ్లింది. కామారెడ్డిలోనూ, ఎల్లారెడ్డిలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ బోరు నీళ్లు వాడే ఎన్నో ఇళ్లకు ఈ మచ్చ బాగా తెలుసు. మనం దీన్ని ‘ఉప్పు పట్టింది’ అంటాం, ‘సున్నం పట్టింది’ అంటాం. ఈ రోజు ఆ ఉప్పు గురించీ, ఆ సున్నం గురించీ, రోజూ వాటి బరువు మోస్తున్న మన ఇళ్ల గురించీ మాట్లాడుకుందాం.

మా నాయనమ్మది ఎల్లారెడ్డి దగ్గర ఒక పల్లె. ఆ ఊళ్లో రెండు బాయిలు ఉండేవి. ఒకటి ఉప్పు బాయి, ఇంకొకటి మంచినీళ్ల బాయి. ఉప్పు బాయి ఇంటి వెనకే ఉండేది. మంచినీళ్ల బాయి ఊరి చివర, చెరువుకట్ట కింద. పశువులకూ, వాకిట్లో చల్లడానికీ, గంజులు తోమడానికీ ఉప్పు బాయి నీళ్లు. తాగడానికీ, పప్పు వండడానికీ మాత్రం నాయనమ్మ నెత్తిన బిందె పెట్టుకుని చెరువుకట్ట దాకా నడిచేది. ఇంటి వెనకే బాయి ఉండగా అంత దూరం ఎందుకని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. “గా నీళ్లల్ల పప్పు ఉడకదు బిడ్డా” అన్నది.

ఆమె బడి మెట్లు ఎక్కలేదు. కానీ ఏ నీళ్లు ఏ పనికి పనికొస్తాయో ఆమెకు తెలుసు. ఇప్పుడు మన ఇళ్లకు కూడా రెండు రకాల నీళ్లు వస్తున్నాయి. నల్లాలో నది నీళ్లు, బోరులో భూమి నీళ్లు. చాలా ఇళ్లలో ఆ రెండూ ఒకే సంపులో పడి, ఒకే మోటారుతో ఒకే ట్యాంకుకు ఎక్కుతున్నాయి. నాయనమ్మ విడిగా ఉంచిన నీళ్లను మనం కలిపేసుకున్నాం. వాటిని మళ్లీ విడదీసుకోవాలన్నదే ఈ రోజు నేను మీకు చెప్పదలుచుకున్న మాట.

ముందు ఈ ఉప్పు ఏమిటో చూద్దాం. మనం ఉప్పు నీళ్లు అంటున్నాం గానీ ఇది కూరలో వేసే ఉప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం అనే రెండు ఖనిజాల లవణాలు నీళ్లలో కరిగి ఉండడమే దీనికి కారణం. బడి పుస్తకాల్లో కఠిన జలం అని చదువుకున్నాం కదా, అది ఇదే. ఇందులో రెండు రకాలు. బైకార్బొనేట్ల రూపంలో ఉంటే తాత్కాలిక కఠినత్వం. నీళ్లు మరిగితే అది సున్నపు పొరగా మారి గిన్నె అడుగున కూర్చుంటుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉంటే శాశ్వత కఠినత్వం. ఎంత కాచినా అది నీళ్లలోనే ఉండిపోతుంది.

మరి మన నేలలోనే ఈ బాధ ఎందుకు? వాన చినుకు దాదాపు ఏ లవణమూ లేకుండా నేల మీద పడుతుంది. మట్టిలో చెట్ల వేర్లు, సూక్ష్మజీవులు వదిలే బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పులుపెక్కుతుంది. ఆ పులుపుతోనే రాతిలోకి దిగి, రాతిని రవ్వంత రవ్వంతగా కరిగించుకుంటుంది. కామారెడ్డి కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. జుక్కల్, మద్నూర్ వైపు వెళ్తే నల్లరేగడి నేలలు, వాటి కింద దక్కన్ పీఠభూమి లావా రాయి. ఆ రేగడి చేన్లు దున్నేటప్పుడు నాగలికి తగిలే తెల్లటి సున్నపు గడ్డలు రైతులందరికీ తెలుసు. ఆ సున్నంలో కొంత మన బోరులోకి కూడా వస్తుంది. గ్రానైటులో నీళ్లు నిలిచేది రాతి పగుళ్లలోనే. ఎంత లోతుకు వెళ్తే సాధారణంగా నీళ్లు అంత ఎక్కువ కాలం రాతిని అంటిపెట్టుకుని ఉంటాయి, అంత ఎక్కువ ఖనిజాన్ని కలుపుకుంటాయి. తాతల కాలపు బాయి పైపొరల్లోని నీళ్లు ఇచ్చింది. మనం వందల అడుగులు దింపిన బోరు లోపలి పగుళ్లలో చాలాకాలంగా నిలిచి ఉన్న నీళ్లు తోడుతోంది. తేడా అక్కడుంది.

ఎంత ఉంటే ఎక్కువ? భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో ప్రకటించిన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీళ్లలో కఠినత్వం 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి ఆధారం ఏదీ లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి. 200 దాకా హాయి, 600 దాటితే తాగునీటిగా వద్దు. మధ్యలో ఉన్న నీళ్లతో ప్రాణానికి ముప్పు ఉండదు గానీ, ఇంట్లో ప్రతి పనీ కష్టమవుతుంది.

ఇక నల్లా నీళ్ల సంగతి. కామారెడ్డి పట్టణానికి శ్రీరాంసాగర్ నుంచి గోదావరి నీళ్లు వస్తున్నాయి. 1963 జూలై 26న పండిట్ నెహ్రూ పోచంపాడులో శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. ఎల్లారెడ్డి, బాన్సువాడ, జుక్కల్ వైపు సింగూరు నుంచి మంజీర నీళ్లు వస్తున్నాయి. అదే మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మన జిల్లాలోనే ఉంది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టించిన ఆ ఆనకట్ట దశాబ్దాలుగా లక్షల ఎకరాలకు నీరిచ్చింది. అయినా దాని చుట్టుపక్కల పల్లెల్లో తాగునీటికి చాలాకాలం బాయి, బోరే దిక్కయ్యాయి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ ఈ పరిస్థితిని చాలావరకు మార్చింది. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135 లీటర్లు ఇవ్వాలన్నది ఆ పథకం లెక్క. నది నీళ్లలో సాధారణంగా బోరు నీళ్ల కన్నా కాల్షియం, మెగ్నీషియం తక్కువ. పంపులతో పైకి ఎత్తి, శుద్ధి చేసి, అన్ని కిలోమీటర్ల పైపుల్లో మన గడప దాకా తెచ్చిన నీళ్లవి.

ఆ నీళ్లను మనం ఏం చేస్తున్నాం? సంపు మూత తీసి అందులోకి వదులుతున్నాం. ఆ సంపులో అప్పటికే బోరు నీళ్లు ఉంటాయి. ఒక లెక్క చూద్దాం. బోరు నీళ్లలో కఠినత్వం 500 అనుకోండి, నల్లా నీళ్లలో 150 అనుకోండి. సగం సగం కలిస్తే 325 అవుతుంది. పప్పు ఉడికే నీళ్లు చేతికి వచ్చి కూడా పప్పు ఉడకని నీళ్లయిపోయాయి. నల్లా రాని రోజున, పైపు పగిలిన రోజున, ఎండాకాలంలో బోరు తప్పదు, నిజమే. కానీ నల్లా వచ్చిన రోజున కూడా ఆ మేలు మనకు దక్కకుండా పోవడం బాధగా ఉంటుంది.

ఈ కఠినత్వానికి ఇంట్లో అయ్యే ఖర్చు మొదట సబ్బులో కనిపిస్తుంది. సబ్బు నీళ్లలోని కాల్షియాన్ని పట్టుకుని, కరగని జిగట ముద్దగా మారుతుంది. బకెట్ అంచున బూడిదరంగు తెట్టుగా పట్టేది అదే. కాల్షియం అంతా అలా అయిపోయాకే నురగ మొదలవుతుంది. రసాయన శాస్త్రం లెక్క కడితే, కఠినత్వం 300 ఉన్న 20 లీటర్ల బకెట్ నీళ్లలో నురగ పుట్టడానికి ముందే సుమారు 35 గ్రాముల సబ్బు వృథా అవుతుంది. నూరు గ్రాముల సబ్బు బిళ్లలో మూడో వంతు! ఆ తెట్టే బట్టల నూలులో చిక్కుకుంటే తెల్లచొక్కా మాసిన రంగుకు తిరుగుతుంది, తువ్వాలు గరుకెక్కుతుంది. వెంట్రుకల మీద పేరుకుంటే తల జిడ్డుగానూ, అదే సమయంలో పీచులాగానూ ఉంటుంది. ఎంత రుద్దినా శుభ్రం కాలేదన్న అసంతృప్తి మిగులుతుంది. ఆ రుద్దే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే అన్న సంగతి కూడా మరిచిపోకూడదు.

మన పెద్దలు దీనికి జవాబు కనిపెట్టారు. తలంటుకు కుంకుడుకాయ వాడారు. కుంకుడు రసంలో నురగనిచ్చే సాపొనిన్లు సబ్బులాగా కాల్షియంతో ముద్ద కట్టవు. అందుకే ఉప్పు బాయి నీళ్లలో కూడా కుంకుడు నురగ ఇస్తుంది. బట్టలకు మన రజక సోదరులు సౌడు మట్టి వాడారు. సౌడులో ఉండే సోడియం కార్బొనేటు నీళ్లలోని కాల్షియాన్ని సున్నంగా అడుగుకు దింపేస్తుంది. ఈనాటి బట్టల సోడా చేసే పని కూడా ఇదే. స్కాట్లాండులోని అబర్డీన్‌లో ప్రొఫెసర్ థామస్ క్లార్క్ సున్నంతోనే నీటి కఠినత్వం తగ్గించే పద్ధతికి 1841లో పేటెంటు తీసుకున్నాడు. సౌడు మట్టిని చాకిబానలో కలిపినవాళ్లకు ఏ పేటెంటూ రాలేదు. కానీ వాళ్లు చేసింది కూడా నీటి రసాయన శాస్త్రమే.

ఇప్పుడు వంటింటికి వద్దాం. కందిపప్పు గింజలో కణాలను ఒకదానికొకటి అంటిపెట్టే జిగురు పదార్థం ఒకటుంది, దాని పేరు పెక్టిన్. మామూలు నీళ్లలో ఉడికితే అది కరిగి గింజ మెత్తబడుతుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువైతే అది ఆ జిగురును పట్టి బిగిస్తుంది. ఐదు కూతలకు ఉడకాల్సిన పప్పు తొమ్మిదికి కూడా పలుకులుగా ఉంటుంది. గ్యాసు ఎక్కువ, సమయం ఎక్కువ, చివరకు పప్పు బాగాలేదని పచారీ కొట్టు మీద నింద. చింతపండు ముందే వేస్తే గింజ ఇంకా మొండికేస్తుంది, కాబట్టి పప్పు మెత్తబడ్డాకే పులుసు పోయాలి. చిటికెడు తినే సోడా వేస్తే త్వరగా ఉడుకుతుంది గానీ, పప్పులోని బి-1 విటమిన్ దెబ్బతింటుంది. అందుకని పప్పుకు నల్లా నీళ్లు వాడడమే సరైన మార్గం. బోరు నీళ్లతో వండిన అన్నం ఒక్కోసారి లేత పసుపు తిరగడం, టీ మీద సన్నటి తెట్టు కట్టడం కూడా ఈ నీళ్ల వల్లనే.

స్నానాల గదిలో గీజర్ ఉంటే దాని లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపించదు. నీళ్లు వేడెక్కిన కొద్దీ కాల్షియం సున్నపు పొరగా మారి వేడి కడ్డీకి పడుతుంది. ఆ పొర రాగి కన్నా వంద రెట్లకు పైగా తక్కువగా వేడిని పోనిస్తుంది. కడ్డీ విపరీతంగా కాలుతుంది, నీళ్లకు మాత్రం వేడి సరిగా అందదు. కరెంటు కాలుతూనే ఉంటుంది. ఒకరోజు కడ్డీ పగిలిపోతుంది. కఠినత్వం 300 ఉన్న నీళ్లు రోజుకు 25 లీటర్లు కాచే ఇంట్లో ఏడాదికి రెండున్నర కిలోలకు పైగా ఈ ఖనిజం గీజర్ గుండా పోతుంది. అందులో పదో వంతు లోపల పేరుకున్నా పావుకిలో పైనే. గీజర్‌ను 60 డిగ్రీలు దాటి పెట్టకండి. వేడి పెరిగిన కొద్దీ పొర వేగంగా పడుతుంది. ఏడాదికి ఒకసారైనా మెకానిక్‌తో విప్పించి శుభ్రం చేయించండి.

బకెట్లో వేసే హీటర్ కడ్డీకి పొర పడితే, ముందు ప్లగ్గు తీసి, కడ్డీ చల్లారాక, నిమ్మఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ఒక గంట నానబెట్టండి. నల్లా మూతికీ, షవర్‌కూ, కుక్కర్ అడుగుకూ ఇదే మందు. చింతపండు గుజ్జు కూడా పని చేస్తుంది. ఇత్తడి బిందెకు మన అమ్మలు చింతపండు రుద్దింది ఊరికే కాదు, పులుపు సున్నాన్ని కరిగిస్తుంది. కానీ మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను నల్లాలకూ గిన్నెలకూ వాడకండి. ఆ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది, మూసిన స్నానాల గదిలో అది ప్రాణాంతకం.

ఎండాకాలంలో ఇంకొకటి చూడండి. కూలర్‌లో గడ్డి ఒక్క సీజనుకే రాయిలా గట్టిపడుతుంది. నీళ్లు ఆవిరై పోతాయి, లవణం గడ్డిలో ఉండిపోతుంది. మళ్లీ మళ్లీ పైనుంచి నీళ్లు నింపుతూ పోతే తొట్టిలో లవణం చిక్కబడుతూనే ఉంటుంది. వారానికి ఒకసారి తొట్టి నీళ్లు పూర్తిగా పారబోసి కొత్తవి పోయండి. గడ్డి ఎక్కువ రోజులు ఉంటుంది, దోమలు కూడా తగ్గుతాయి.

ఇక ఆరోగ్యం మాట. ‘ఈ నీళ్లు తాగితే కిడ్నీలో రాళ్లు వస్తాయి’ అని మన దగ్గర గట్టి నమ్మకం ఉంది. గిన్నెలో కనిపించే సున్నాన్ని చూసి కలిగిన భయం అది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ నిజం చెప్పాలి. కఠినత్వానికి ఆరోగ్యపరమైన పరిమితి ఏదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించలేదు. నీటిలోని కాల్షియం వల్లనే రాళ్లు వస్తాయని రుజువు కాలేదు. తక్కువ నీళ్లు తాగడం మాత్రం రాళ్లకు పెద్ద కారణం. మే నెల ఎండలో పొలం పనికీ, కూలి పనికీ వెళ్లే మనిషి దాహానికి తగినన్ని నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడి రాళ్లు తయారవుతాయి. ఉప్పు నీళ్లని రుచి నచ్చక తక్కువ తాగేవాళ్లకు అసలు ప్రమాదం అక్కడుంది. చర్మం విషయంలో, కఠిన జలాలున్న ప్రాంతాల పిల్లల్లో తామర వంటి బాధ కొంత ఎక్కువని బ్రిటన్‌లో గమనించారు. అయితే 2011లో అక్కడే 336 మంది పిల్లలతో చేసిన పరీక్షలో, నీళ్లను మెత్తబరిచే యంత్రం ఇంట్లో పెట్టినంత మాత్రాన ఆ బాధ అదనంగా తగ్గలేదని తేలింది. కాబట్టి దురద ఉంటే డాక్టరుకు చూపించండి, నీళ్ల యంత్రం అమ్మేవాళ్ల మాట ఒక్కటే నమ్మకండి.

భయపడాల్సింది వేరే ఉంది. ఫ్లోరైడ్. అది మన గ్రానైటు రాతిలోంచే వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. గిన్నెకు మచ్చ కూడా పెట్టదు. పైగా ఒక చిత్రమైన సంగతి ఉంది. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. కాల్షియం తక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి ఉండే అవకాశం ఉంది. అంటే సబ్బు చక్కగా నురగ వచ్చే బోరు నీళ్లన్నీ మంచివి అనుకోవడానికి లేదు. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తర్వాత నల్లగొండ ఎంత బాధపడిందో మనందరికీ తెలుసు. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, ఒకటిన్నర దాటకూడదు. కాచినా అది పోదు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

అందుకని మొదటి పని పరీక్ష. కఠినత్వానికి ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు, పిల్లల చేత చేయించండి. ఒకే కొలత ఉన్న మూడు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో డాబా మీద పట్టిన వాన నీళ్లు, రెండో దాంట్లో నల్లా నీళ్లు, మూడో దాంట్లో బోరు నీళ్లు సమానంగా పోయండి. ఒంటి సబ్బు తురుము మూడింట్లోనూ ఒకే అంత వేసి, మూత పెట్టి గట్టిగా గిలకొట్టండి. షాంపూ, డిటర్జెంటు వద్దు, అవి ఏ నీళ్లలోనైనా నురగ ఇస్తాయి. ఏ సీసాలో నురగ నిలిచింది, ఏ సీసాలో పాలలాంటి తెట్టు మిగిలింది, కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత ఫ్లోరైడ్, నైట్రేట్ కోసం బోరు నీళ్లను ప్రయోగశాలకు ఇవ్వండి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల్లో ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లతో శిక్షణ ఇవ్వాలని ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో పంచాయతీలో అడిగి తెలుసుకోండి.

రెండో పని, నేను మొదట చెప్పిన విడదీయడం. దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. నల్లా పైపును సంపులోకి దించకుండా, వంటింటి కోసం ఒక చిన్న ట్యాంకులోకి గానీ, మూత ఉన్న డ్రమ్ములోకి గానీ తిప్పించండి. బోరు నీళ్లు పెద్ద ట్యాంకుకే పోనివ్వండి. మరుగుదొడ్డికీ, నేల కడగడానికీ, మొక్కలకూ, గిన్నెలు మొదట తోమడానికీ పెద్ద ట్యాంకు చాలు. తాగడానికీ, వంటకూ, పసిపిల్లల స్నానానికీ చిన్న ట్యాంకు. అద్దె ఇంట్లో ఉండి పైపులు మార్చలేనివాళ్లు నల్లా వచ్చినప్పుడు నాలుగు బిందెలు, ఒక డ్రమ్ము నింపి వేరుగా పెట్టుకోండి. తలస్నానంలో ఆఖరి చెంబులు రెండూ, బట్టలు జాడించడంలో ఆఖరి బకెట్టూ నల్లా నీళ్లయితే చాలు, తేడా మీకే తెలుస్తుంది. నిలవ ఉంచిన నీళ్లకు మూత తప్పనిసరి. నది నీళ్లు మెత్తటివైనంత మాత్రాన క్రిములు లేనట్టు కాదు, అనుమానం ఉంటే కాచి తాగండి.

మూడో పని, యంత్రాల విషయంలో తొందరపడకపోవడం. నీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నర్‌లో కాల్షియం పోయి దాని స్థానంలో సోడియం వస్తుంది. కఠినత్వం 500 ఉన్న నీళ్లను అలా పూర్తిగా మారిస్తే లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. అవి గీజర్‌కూ, బట్టల యంత్రానికీ మంచివి గానీ తాగడానికి కాదు, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్లు తాగకూడదు. ఇక ఆర్ఓ యంత్రం. చాలా ఇళ్లలో అది ఒక లీటరు తాగునీరు ఇచ్చి రెండు మూడు లీటర్లు మోరీలోకి పంపుతుంది. కరిగి ఉన్న లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉన్న నీళ్లకు ఆర్ఓ వాడడాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. నల్లాలో నది నీళ్లు వచ్చే ఇంట్లో, ముందు ఆ నీళ్లను పరీక్ష చేయించి, ఆ తర్వాతే యంత్రం కొనాలా వద్దా అని ఆలోచించండి. బోరులో ఫ్లోరైడ్ ఉండి, వేరే నీళ్లు దొరకని చోట ఆర్ఓ అవసరమే. అక్కడ అది పారబోసే నీళ్లను బకెట్లో పట్టి నేల కడగడానికి వాడుకోండి.

చివరగా వాన మాట. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి చూసిన వాన మనం మరిచిపోలేం. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. కాలనీలు మునిగాయి, రోడ్లు తెగాయి, పంటలు పోయాయి. 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు ఆ వరద తాకిడిని తట్టుకుని నిలబడింది. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆలోచించండి. ఆకాశం నుంచి దిగింది ఎంతో మెత్తటి నీళ్లు. 120 గజాల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. మామూలు వానాకాలంలో పడే వానలో కొంతైనా ఇంకుడు గుంత దాకా మళ్లిస్తే, అది నేలలోకి దిగి మన బోరు నీళ్లను పలుచబరుస్తుంది. మా నాయనమ్మ మంచినీళ్ల బాయి చెరువుకట్ట కిందే ఎందుకు ఉందో ఇప్పుడు అర్థమవుతుంది. చెరువులో నిలిచిన వాన నీళ్లు ఊరి ఆ బాయిలోకి చేరేవి, అందుకే అవి చప్పగా, మెత్తగా ఉండేవి. చెరువు పూడిపోతే ఆ బాయి కూడా ఉప్పు బాయి అవుతుంది. 2015 మార్చి 12న చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైంది మన సదాశివనగర్ పాత చెరువు దగ్గరే. చెరువు పూడిక తీయడం అంటే పొలానికి నీళ్లు ఇవ్వడమే కాదు, మన వంటింటి పప్పుకు కూడా నీళ్లు ఇవ్వడం.

శ్రోతలారా, ఈ ఆదివారం నల్లా వచ్చినప్పుడు సంపు దగ్గరికి వెళ్లి చూడండి. రెండు నీళ్లు ఒకే చోట పడుతుంటే ప్లంబర్‌ను పిలిచి వాటిని వేరు చేయించండి. వార్డు సభ జరిగినప్పుడు మీ వీధి బోరు నీళ్ల పరీక్ష ఫలితాన్ని అందరికీ కనిపించేలా రాసి పెట్టమని అడగండి. బడిలో, హాస్టల్లో, అంగన్‌వాడీలో పిల్లలు ఏ నీళ్లు తాగుతున్నారో కనుక్కోండి. నది నీళ్లు గడప దాకా తీసుకురావడం ప్రభుత్వం పని. వాటిని గడప లోపల పాడుచేసుకోకుండా కాపాడుకోవడం మన పని. నాయనమ్మ రోజూ చెరువుకట్ట దాకా నడిచి మోసుకొచ్చిన నీళ్లు ఇప్పుడు మన ఇంట్లోకే వస్తున్నాయి. ఆ నీళ్లకు ఒక వేరే బిందె పెట్టండి.